కవలల కాన్పు నెలలు నిండకముందే రాకుండా ఆపగలమా? కుట్టు, ప్రొజెస్టరాన్, బెడ్ రెస్ట్‌ల సంగతి

కవలలని తెలిసిన రోజు ఇంట్లో ఎంత సంబరమో, ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టులో సర్విక్స్ (గర్భసంచి మూతి) పొడవు 24 మిల్లీమీటర్లు అని కనబడితే అంత టెన్షన్. ఒక డాక్టరు వెంటనే దానికి కుట్టు వేయాలంటారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళితే కుట్టు వద్దు, ప్రొజెస్టరాన్ మాత్ర లోపల పెట్టుకుంటే చాలంటారు. ఇంటికొస్తే అమ్మ, అత్తగారు ఇద్దరూ కాలు కింద పెట్టనివ్వరు. వీళ్ళంతా మేలు కోరే చెబుతున్నారు, కానీ ఎవరి మాట వినాలో ఆ గర్భిణికి అర్థం కాదు. ఒకే బిడ్డ ఉన్న గర్భంలో పనిచేసిన వైద్యం ఇద్దరున్నప్పుడు కూడా అలాగే పనిచేస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారు, డాక్టర్లు కూడా. పరీక్షించి చూస్తే కొన్ని పనిచేయలేదు, ఒకటి రెండు నష్టం చేసినట్టు కూడా తేలింది, ఒకటి మాత్రం ఎవరూ ఊహించనంతగా పనిచేసింది. ఏ వైద్యం ఎవరికో తెలియాలంటే మొదలు నుంచి రావాలి.

నెలల లెక్క వేరు, వారాల లెక్క వేరు

మన ఇళ్ళల్లో గర్భాన్ని నెలల్లో లెక్కపెడతారు, ఆస్పత్రిలో వారాల్లో. సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. డాక్టర్ల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఉదాహరణకి ఒకావిడకి చివరి నెలసరి 2025 జనవరి 1న వచ్చిందనుకుందాం. ఆవిడకి 14 వారాలు నిండేది ఏప్రిల్ 9న, 24 వారాలు జూన్ 18న, 28 వారాలు జూలై 16న, 34 వారాలు ఆగస్టు 27న, 37 వారాలు సెప్టెంబర్ 17న. రిపోర్టు మీద డ్యూ డేట్ అని రాసే 40 వారాల తేదీ అక్టోబర్ 8.

37 వారాలు నిండకముందు జరిగే ఏ కాన్పునైనా నెలలు నిండని కాన్పు అంటారు. కానీ ఆ మాట కింద చాలా తేడాలున్నాయి. 36 వారాలకు పుట్టిన బిడ్డ చాలాసార్లు అమ్మ పక్కనే ఉండి ఇంటికెళ్ళిపోతుంది. 32 కంటే ముందు పుడితే ఊపిరితిత్తులు, మెదడు, పేగులు అన్నిటికీ సాయం కావాలి, వారాల తరబడి ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) తప్పకపోవచ్చు. 28 లోపు అయితే అది ప్రాణాల మీదకు వచ్చే సంగతి.

ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు అని పెద్దవాళ్ళు చెప్పే మాట ఇప్పటికీ వినబడుతుంది. ఇది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు లాభమే, 30 కంటే 32 మేలు, 32 కంటే 34 మేలు. ఈ నమ్మకాన్ని గట్టిగా కాదనడానికి కారణం ఉంది. ఎనిమిదో నెల పిల్లలకు ఇంక ఆశ లేదనుకుని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆలస్యం చేస్తే, నిజంగానే బతకాల్సిన పిల్లలు పోతారు.

కవలలు ఎందుకు ముందే వచ్చేస్తారు

కవలల్లో సగం మందికి పైగా 37 వారాల లోపే పుడతారు. సుమారు పదింట ఒక జంట 32 వారాల లోపే. అంటే కవలల తల్లికి కాస్త ముందుగా కాన్పు కావడం మామూలు విషయమే, ఆవిడ ఏదో తప్పు చేయడం వల్ల కాదు. మెట్లెక్కినందుకో, బస్సులో వెళ్ళినందుకో ఇలా అయిందని ఆవిడని నిలదీసే బంధువులు ఈ ఒక్క ముక్క చదివినా చాలు.

కారణాలు రెండు రకాలు. మొదటిది, కాన్పు తనంతట తాను మొదలవడం. ఇద్దరు బిడ్డలు, రెండింతల ఉమ్మనీరు కలిసి గర్భసంచిని ముందుగానే బాగా సాగదీస్తాయి. ఆ సాగుదలకే కండరం నొప్పులకు సిద్ధమవుతుంది, గర్భసంచి మూతి మెత్తబడి కురచవుతుంది. ఇన్ఫెక్షన్ తోడైతే ఇంకా త్వరగా జరుగుతుంది, ఒక్కోసారి నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోతుంది.

రెండోది, డాక్టర్లే ముందుగా కాన్పు చేయాల్సి రావడం. తల్లికి బీపీ పెరగడం, ఒక బిడ్డ ఎదుగుదల ఆగడం, ఇద్దరూ పంచుకున్న మాయలో రక్తం సరిగ్గా పంపకం కాకపోవడం లాంటివి. కవలల్లో నెలలు నిండని కాన్పుల్లో దాదాపు మూడో వంతు ఇలాంటివే. వీటిని కుట్టు ఆపలేదు, ప్రొజెస్టరాన్ ఆపలేదు. బీపీ వల్ల వచ్చే ముప్పును తగ్గించడానికి మాత్రం ఒక చవకైన మందు ఉంది, తక్కువ మోతాదు ఆస్పిరిన్. కవలల గర్భం, మొదటి కాన్పు, 35 దాటిన వయసు, అధిక బరువు లాంటివి కలిసినప్పుడు 12 నుంచి 16 వారాల మధ్య దీన్ని మొదలుపెడతారు. అమెరికా మార్గదర్శకాల ప్రకారం కవలలుంటే అదొక్కటే చాలు, బ్రిటన్‌లో ఇంకో కారణం తోడవ్వాలి. ఆరో నెల వచ్చాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు, కాబట్టి ఈ మాట మొదటి విజిట్లలోనే రావాలి.

ఒక మాయా, రెండు మాయలా?

కవలల గర్భంలో అన్నిటికంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న ఇదే. ఆడపిల్లలా మగపిల్లలా, ఒకేలా ఉంటారా వేరేగా ఉంటారా అన్నది కాదు. ఒక్కో బిడ్డకు విడిగా మాయ ఉందా, ఇద్దరూ ఒకే మాయ మీద ఆధారపడ్డారా అన్నది.

దీన్ని చూడ్డానికి సరైన సమయం 11 నుంచి 14 వారాల మధ్య, అంటే ఎన్‌టీ స్కాన్ అప్పుడు. బిడ్డల మధ్య ఉండే పొర మాయను తాకే చోట మందంగా, చిన్న త్రికోణంలా కనిపిస్తే రెండు మాయలు. సన్నటి పొర నిటారుగా వచ్చి ఇంగ్లీషు టీ అక్షరంలా తాకితే ఒకే మాయ. నెలలు గడిచేకొద్దీ రెండు మాయలు ఆనుకుపోయి ఒకటే అన్నట్టు కనిపిస్తాయి, పొర కూడా పలచబడుతుంది, అప్పుడు తేల్చడం కష్టం. అందుకే ఆ స్కాన్ రిపోర్టులో ఈ ముక్క రాసి ఉందో లేదో అదే రోజు చూసుకోవాల్సింది.

ఒకే మాయ ఉన్న కవలల్లో 10 నుంచి 15 శాతం మందిలో ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు రక్తం ఎక్కువగా వెళ్ళిపోయే సమస్య వస్తుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఎండిపోతుంది, పుచ్చుకునే బిడ్డ చుట్టూ విపరీతంగా పెరుగుతుంది. పొట్ట కొద్ది రోజుల్లోనే బిగుసుకుపోయి నొప్పులు మొదలవుతాయి. దీన్ని ముందే పట్టుకోవడానికే 16 వారాల నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేస్తారు. వైద్యం లేజర్, అంటే మాయ మీద ఇద్దరినీ కలిపే రక్తనాళాలను మూసేయడం. 2004లో యూరప్‌లో జరిగిన ట్రయల్‌లో లేజర్ చేసినవాళ్ళలో 76 శాతం గర్భాల్లో కనీసం ఒక బిడ్డ బతికింది, నీరు మాత్రమే తీసినవాళ్ళలో 56 శాతం. హైదరాబాద్ లాంటి నగరాల్లోని ఫీటల్ మెడిసిన్ సెంటర్లలో ఇది చేస్తున్నారు. నెలకోసారి మాత్రమే స్కాన్ చేయించుకునే తల్లికి ఈ అవకాశం చేజారిపోవచ్చు.

ఆ 24 మిల్లీమీటర్లు ఏం చెబుతాయి

సర్విక్స్ అంటే గర్భసంచి మూతి. నడి గర్భంలో అది మామూలుగా 35 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా పొడవుంటుంది. కాన్పు దగ్గరపడేకొద్దీ లోపలి వైపు నుంచి తెరుచుకుంటూ కురచవుతుంది. 18 నుంచి 24 వారాల మధ్య 25 లేదా అంతకంటే తక్కువ ఉంటే కురచ అంటారు.

ఈ అంకె ఎలా వచ్చిందో కూడా ముఖ్యమే. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో, పైగా బ్లాడర్ నిండుగా ఉంటే, మూతి నొక్కుకుపోయి ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది. సరైన కొలత యోని ద్వారా చేసే స్కాన్‌తో, మూత్రం పోసి వచ్చాక, ప్రోబ్‌తో గట్టిగా నొక్కకుండా, రెండు మూడుసార్లు కొలిచి తీసుకునేది. దానివల్ల బిడ్డలకు ఏమీ కాదు. చాలామంది సిగ్గుతోనో భయంతోనో వద్దంటారు, కానీ దీని మీదే తర్వాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి.

24 అని ఉంటే రేపో మాపో కాన్పని కాదు. మూతి కురచగా ఉన్న కవలల తల్లుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో లెక్క వేశారు. ఏ మందూ ఇవ్వని గుంపులో కూడా వందకి 57 మంది 33 వారాలు దాటారు. మిగతా 43 మంది అంతకు ముందే కన్నారు. అంటే భయం నిజమే, అయినా సగానికి పైగా గట్టెక్కారు. ఇంకో సంగతి, 18 వారాలకే 24 ఉండటం వేరు, 28 వారాలకు 24 ఉండటం వేరు. రెండో సందర్భంలో కంగారు చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికి మూతి కొంత కురచవడం సహజం.

మంచం దిగకుండా ఉంటే?

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. బరువు కిందికి లాగుతోంది కదా, పడుకుంటే లాగదు కదా అని. ఈ ఆలోచనని నిజంగా పరీక్షించినవాళ్ళున్నారు. 1985లో జింబాబ్వే రాజధాని హరారేలో జరిగిన ట్రయల్ ఫలితాలొచ్చాయి. కవలల తల్లులు రెండు వందల మందికి పైగా అందులో పాల్గొన్నారు, చీటీ వేసినట్టు కొందరిని ఆస్పత్రిలో చేర్చి మంచం మీదే ఉంచారు, మిగతావాళ్ళని మామూలుగా ఇంటి దగ్గరే ఉండనిచ్చారు. మంచం మీద ఉన్నవాళ్ళలో నెలలు నిండని కాన్పులు సుమారు 30 శాతం, ఇంటి దగ్గర తిరిగినవాళ్ళలో 19 శాతం. మేలు జరగకపోగా తిరగబడింది.

ఆ తర్వాత ఇలాంటి ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్షలోనూ బెడ్ రెస్ట్ వల్ల లాభం తేలలేదు. నష్టాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు గర్భంలో ఎలాగూ ఎక్కువ, కదలకపోతే ఇంకా పెరుగుతుంది. కండరాలు, ఎముకలు నీరసిస్తాయి, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, ఉద్యోగం పోవడం, పెద్ద బిడ్డని చూసుకోలేకపోవడం, ఒంటరితనం.

అలాగని బరువైన పని చేయాలని కాదు. పొలంలో వంగి చేసే పని, గంటల తరబడి నిలబడే డ్యూటీ, నైట్ షిఫ్టులు తగ్గించమనడం వేరు, రోజంతా మంచం దిగొద్దనడం వేరు. అలసినప్పుడు నడుం వాల్చడాన్ని ఎవరూ కాదనరు.

ప్రొజెస్టరాన్ మీద వాదన ఎందుకు తెగడం లేదు

ప్రొజెస్టరాన్ గర్భాన్ని నిలబెట్టే హార్మోను. దీన్ని మందుగా ఇచ్చే పద్ధతులు రెండు, ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే సగం తికమక.

ఒకటి వారం వారం వేసే ఇంజెక్షన్. మన దగ్గర ప్రోలుటాన్ పేరుతో చాలామందికి తెలుసు. 2007లో అమెరికాలో 661 మంది కవలల తల్లుల మీద పరీక్షించారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 41.5 శాతం మందికి 35 వారాల లోపు కాన్పు కావడమో, బిడ్డ కడుపులోనే పోవడమో జరిగింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 37.3 శాతం. ఏ లాభమూ లేదు. ఇదే మందుకి ఒకే బిడ్డ ఉన్న గర్భాల కోసం అమెరికాలో ఇచ్చిన అనుమతిని కూడా, తర్వాతి ట్రయల్‌లో ఫలితం కనబడకపోవడంతో, 2023లో రద్దు చేశారు. కవలల కోసం ఈ ఇంజెక్షన్ వేయడానికి ఇప్పుడు ఆధారం లేదనే నేను అంటాను. అయినా మన దగ్గర వేయించుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

రెండోది యోనిలో పెట్టుకునే మాత్ర లేదా జెల్. అసలు వాదన దీని మీదే. ఒక వైపు, 2017లో వచ్చిన విశ్లేషణ. మూతి 25 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉన్న 303 మంది కవలల తల్లుల వివరాలను ఒక్కొక్కరివీ తీసుకుని కలిపారు. పైన చెప్పిన 43 మంది లెక్క ఇందులోదే. మందు వాడినవాళ్ళలో అది వందకి 31 అయింది. అంటే వంద మంది వాడితే పన్నెండు మందికి 33 వారాల లోపు కాన్పు తప్పింది, లేదా సుమారు ఎనిమిది మంది వాడితే ఒకరికి మేలు. చిన్న లాభమేమీ కాదు.

ఇంకో వైపు, 2021లో వచ్చిన ఈవెంట్స్ ట్రయల్. యూరప్‌లో 22 ఆస్పత్రులు, 1194 మంది. ఇక్కడ మూతి పొడవు చూడకుండా కవలలున్న అందరికీ, మొదటి మూడు నెలల చివరి నుంచి 34 వారాల దాకా రోజుకి 600 మిల్లీగ్రాములు ఇచ్చారు. 24 నుంచి 34 వారాల మధ్య తనంతట తాను వచ్చిన కాన్పు, మందు వాడినవాళ్ళలో 10.4 శాతం, వాడనివాళ్ళలో 8.2 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కానీ లాభం మాత్రం లేదు.

ఒక అధ్యయనం నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలా? అక్కర్లేదు. మొదటిది మూతి కురచైనవాళ్ళ గురించి, రెండోది అందరి గురించి. ఈవెంట్స్ లెక్కలని తర్వాత విడదీసి చూసినప్పుడు మూతి 30 కంటే తక్కువ ఉన్నవాళ్ళకి మేలు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళకి కీడు జరిగి ఉండొచ్చన్న సూచన కనిపించింది. అది సూచన మాత్రమే, ముందుగా అనుకుని వేసిన లెక్క కాదు కాబట్టి దాని మీద ఇల్లు కట్టేయలేం.

అటు మొదటి విశ్లేషణకీ ఒక బలహీనత ఉంది. ఆ 303 మందిలో దాదాపు ముప్పావు వంతు ఈజిప్టులో జరిగిన ఒక్క ట్రయల్ నుంచే వచ్చారు. ఒక్క చోట వచ్చిన ఫలితం మొత్తాన్ని తన వైపు లాగేసిందని విమర్శకులు అంటారు. 2021లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఇంకో పెద్ద విశ్లేషణ కవలలకు ప్రొజెస్టరాన్ వల్ల స్పష్టమైన లాభం కనబడలేదంది. సమర్థించేవాళ్ళు చెప్పేదీ కొట్టిపారేయలేం. మూతి కురచైనవాళ్ళలో బిడ్డల మరణాలు కూడా తగ్గినట్టు కనబడింది, మందు వల్ల పెద్ద హాని తేలలేదు, చేతిలో ఇంతకంటే మంచిది లేదు, అలాంటప్పుడు ఇవ్వకుండా ఎలా ఉంటాం అని.

నాకు అర్థమైనంతలో, 18 వారాల నుంచి 24 వారాల మధ్య సరిగ్గా కొలిచి 25 లేదా తక్కువ తేలిన తల్లికి యోని ప్రొజెస్టరాన్ ఇస్తానన్న డాక్టరు ఆధారంతోనే మాట్లాడుతున్నారు. కవలలు కాబట్టి మూడో నెల నుంచే అందరూ వాడాలనడానికి మాత్రం ఆ ఆధారం చాలదు.

కుట్టు: ఎవరికి మేలు, ఎవరికి నష్టం

గర్భసంచి మూతికి కుట్టు వేసే పద్ధతుల్లో ఒకటి మన దేశంలోనే పుట్టింది. బొంబాయి డాక్టరు విఠల్ నాగేశ్ శిరోద్కర్ 1955లో దీన్ని ప్రపంచానికి చెప్పారు. ఆ పేరుతోనే ఇప్పటికీ శిరోద్కర్ కుట్టు అంటారు.

మూట మూతి వదులైతే తాడు బిగిస్తాం కదా, అలాంటి ఆలోచనే ఇది. ఒకే బిడ్డ ఉండి, మూతి పుట్టుకతోనో పాత కాన్పుల వల్లో బలహీనమైనవాళ్ళకి ఇది బాగా సరిపోతుంది. కవలల్లో చాలాసార్లు మూతిలో లోపం లేదు, లోపల నిండినది ఎక్కువై సాగుతోంది. అలాంటప్పుడు పైన తాడు బిగించినంత మాత్రాన లోపలి సాగుదల తగ్గదు.

కేవలం కవలలు కాబట్టి ముందు జాగ్రత్తగా వేసే కుట్టు వల్ల లాభం లేదన్నది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునేదే. స్కాన్‌లో మూతి కురచగా ఉందని వేసే కుట్టు దగ్గర గొడవ మొదలవుతుంది. 2005లో పాత ట్రయల్స్‌ని కలిపి చూస్తే, కుట్టు వేసిన కవలల తల్లుల్లో 35 వారాల లోపు కాన్పులు రెట్టింపుకు పైగా ఉన్నాయి. ఆ ఫలితం చూసి ప్రపంచమంతా వెనక్కి తగ్గింది. కానీ అందులో ఉన్నది 49 మంది కవలల తల్లులే, వాళ్ళలో కుట్టు పడినవాళ్ళు, పడనివాళ్ళు మొదటి నుంచీ ఒకే స్థితిలో ఉన్నారా అన్నదీ అనుమానమే. తర్వాతి కాలంలో పాత రికార్డులు చూసి చేసిన అధ్యయనాల్లో, మూతి 15 మిల్లీమీటర్ల కంటే తక్కువకి పడిపోయినవాళ్ళకి కుట్టు వల్ల గర్భం కొన్ని వారాలు ఎక్కువ నిలిచినట్టు కనిపించింది. అందుకే 24 దగ్గర కుట్టు వద్దన్న డాక్టరే 11 దగ్గర వేద్దామనొచ్చు, అది మాట మార్చడం కాదు.

మూడో సందర్భం అన్నిటికంటే భయంకరమైనది. 16 నుంచి 24 వారాల మధ్య నొప్పులేమీ లేకుండానే మూతి తెరుచుకుని, పరీక్ష చేస్తే ఉమ్మనీటి సంచి కనిపిస్తున్న పరిస్థితి. ఇంక చేయగలిగిందేమీ లేదనుకునేవారు. 2020లో వెలువడిన ఒక ట్రయల్‌లో ఇలాంటి కవలల తల్లులు ముప్పై మందిని తీసుకుని, కొందరికి కుట్టుతో పాటు యాంటీబయాటిక్స్, వాపునీ నొప్పుల్నీ తగ్గించే ఇండోమెథాసిన్ ఇచ్చారు, మిగతావాళ్ళకి కుట్టు లేదు. కుట్టు లేని 13 మందికి కడుపులో ఉన్న 26 మంది బిడ్డల్లో 20 మంది దక్కలేదు. కుట్టు వేసిన 17 మంది తల్లుల 34 మంది బిడ్డల్లో పోయింది 6 మంది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, కుట్టు వేయకుండా ఉంచడం ఇంక న్యాయం కాదని ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. ముప్పై మందే కాబట్టి ఇది చిన్న అధ్యయనం, నిజమే. అయినా ఐదో నెలలో మూతి తెరుచుకుందని చెప్పి ఆశ వదులుకోమన్న చోట, కుట్టు వేయగలిగే చోటికి పంపిస్తారా అని అడగడానికి ఈ ఒక్క ఫలితం చాలు. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నొప్పులు ఉన్నప్పుడు మాత్రం కుట్టు వేయరు.

సిలికాన్ రింగు, నొప్పులు రాకుండా మాత్రలు

మూతి చుట్టూ తొడిగే సిలికాన్ రింగు మీద ఒకప్పుడు చాలా ఆశలుండేవి. 2016లో స్పెయిన్‌లో 137 మంది మీద చేసిన ట్రయల్ అద్భుతమైన ఫలితం చూపించింది. అదే ఏడాది 1180 మందితో వచ్చిన ఇంకా పెద్ద ట్రయల్‌లో, 2021లో బ్రిటన్ నుంచి వచ్చినదానిలో ఏ లాభమూ కనబడలేదు. ఇప్పుడు దీని మీద ఉత్సాహం బాగా తగ్గింది.

ఐసోక్సుప్రిన్ మాత్రలు, అంటే డువాడిలాన్ పేరుతో ఎక్కువగా రాసే రకం మందులు, నొప్పులు రాకుండా నెలల తరబడి వాడటం మన దగ్గర పాత అలవాటు. ఈ తరహా మాత్రలని కవలల తల్లుల్లో ముందు జాగ్రత్తగా వాడి చూసిన ట్రయల్స్‌లో నెలలు నిండని కాన్పులు తగ్గలేదు, గుండె దడ లాంటి ఇబ్బందులు మాత్రం ఉంటాయి. నొప్పులు నిజంగా మొదలయ్యాక నిఫెడిపిన్ లాంటి మందుతో రెండు రోజులు ఆపడం వేరే సంగతి. ఆ రెండు రోజులు ఎందుకో కింద ఉంది.

ఆగకపోతే ఏం చేస్తారు

నన్నడిగితే మన చర్చల్లో అన్యాయంగా వెనక్కి పోయిన భాగం ఇది. కాన్పుని ఆపే మందుల గురించి గంటలు మాట్లాడుకుంటాం, ఆగని కాన్పులో బిడ్డల్ని కాపాడే మందుల గురించి మాట్లాడుకోం. రుజువులు మాత్రం వీటికే బలంగా ఉన్నాయి.

మొదటిది తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్. డెక్సామెథాసోన్ అయితే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు డోసులు. ఇది బిడ్డల ఊపిరితిత్తులని త్వరగా సిద్ధం చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో 2852 మంది తల్లులతో చేసిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. స్టెరాయిడ్ ఇచ్చిన చోట పుట్టిన నెలలోపు మరణాలు 19.6 శాతం, ఇవ్వని చోట 23.5 శాతం. మందు ఖరీదు చాలా తక్కువ. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు ముంచుకొస్తే మొదటి డోసు ఏఎన్ఎం కూడా వేసి పంపించొచ్చని మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2014లోనే చెప్పాయి.

ఇందులో ఒక చిక్కుంది. స్టెరాయిడ్ బాగా పనిచేసేది కోర్సు పూర్తయిన ఒక రోజు నుంచి వారం లోపు కాన్పైతే. కవలల తల్లులకు ఉత్తుత్తి నొప్పులు ఎక్కువ, ఆ భయంతో 28 వారాలకే ఇచ్చేసి కాన్పు 33లో జరిగితే ఆ డోసుల వల్ల పెద్దగా ఒరిగేదుండదు. పదే పదే ఇవ్వడం బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదు. కవలలు కదా అని అందరికీ ఒక తేదీ పెట్టుకుని వేసేయకూడదనేది అందుకే. నిఫెడిపిన్‌తో సంపాదించే ఆ రెండు రోజులు స్టెరాయిడ్ పనిచేయడానికి, తల్లిని పెద్దాస్పత్రికి చేర్చడానికి.

రెండోది మెగ్నీషియం సల్ఫేట్. 32 వారాల లోపు కాన్పు తప్పదనుకున్నప్పుడు తల్లికిస్తే బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాని సమస్య, వచ్చే ముప్పు తగ్గుతుంది.

మూడోది చోటు. ఇద్దరు బిడ్డలకు ఒకేసారి రెండు వార్మర్లు, రెండు వెంటిలేటర్లు అవసరం కావచ్చు. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్ళడం మన ఆనవాయితీ, కానీ కవలలకు అది సరిగ్గా 28 నుంచి 32 వారాల మధ్య పడుతుంది. వేడుక చేసుకోవడంలో తప్పు లేదు, పుట్టిల్లు ఎన్‌ఐసీయూకి మూడు గంటల దూరంలో ఉంటేనే సమస్య. పుట్టాక అంబులెన్సులో తిప్పే బిడ్డ కంటే అమ్మ కడుపులో ఉండి ప్రయాణం చేసిన బిడ్డ క్షేమం. నడుము నొప్పి వచ్చిపోతూ ఉండటం, పొట్ట బిగుసుకుని వదులుతూ ఉండటం, కిందికి బరువుగా లాగడం, నీళ్ళలా తడి కావడం, ఎర్రచుక్క కనబడటం, వీటిలో ఏదైనా కవలల తల్లికి వస్తే తెల్లారేదాకా చూద్దాం అనే ఓపిక అక్కర్లేదు.

నాలుగోది పుట్టిన తర్వాత. బిడ్డని గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకునే కంగారూ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలుపెడితే, కిలో నుంచి 1.8 కిలోల మధ్య బరువున్న పిల్లల్లో మరణాలు పాతిక శాతం తగ్గాయని 2021లో ఢిల్లీతో సహా ఐదు దేశాల ఆస్పత్రుల్లో జరిగిన ట్రయల్ చూపించింది. కవలలైతే అమ్మ గుండెల మీద ఒకరు, నాన్న గుండెల మీదో అమ్మమ్మ గుండెల మీదో ఇంకొకరు.

కవలల గర్భమే తగ్గించుకునే మార్గం

ఐవీఎఫ్‌లో రెండు మూడు పిండాలు పెట్టడం వల్ల కవలలు పెరిగారు. ఇంత ఖర్చు పెట్టాక ఇద్దరు పుడితే ఒకేసారి పని అయిపోతుంది కదా అనుకునే జంటలు చాలామంది, వాళ్ళ బాధ అర్థం చేసుకోదగ్గదే. స్వీడన్‌లో 2003 నుంచి ఒక్క పిండమే పెట్టడాన్ని నియమంగా మార్చారు. ఐవీఎఫ్ కాన్పుల్లో అంతకుముందు నాలుగో వంతు దాకా ఉన్న కవలలు 5 శాతం దగ్గరికి దిగారు, మిగిలిన పిండాలని గడ్డకట్టించి తర్వాత వాడటంతో మొత్తమ్మీద బిడ్డ పుట్టే అవకాశమూ పెద్దగా తగ్గలేదు. ఇప్పటిదాకా చెప్పుకున్న కుట్లు, మాత్రలు, రింగులు అన్నీ కలిపినా ఇంత తేడా తేలేవు.

ఎప్పటిదాకా మోయాలి

ముందే రాకూడదని ఇంత తాపత్రయపడ్డాక, 37 దాటాక ఇంకా ఆగుదాం, 40 దాకా లాగుదాం అనే కుటుంబాలున్నాయి. కవలలకు ఆ లెక్క వర్తించదు. రెండు మాయలున్న, ఏ ఇబ్బందీ లేని కవలలకు బ్రిటన్ మార్గదర్శకాలు 37 వారాలకు కాన్పు చేయమంటాయి, అమెరికావి 38 వారాలు నిండాక ఆ వారంలోపు. ఒకే మాయ ఉన్నవాళ్ళకు బ్రిటన్‌లో 36, అమెరికాలో 34 నుంచి 38 లోపు. ఒకే మాయతో పాటు ఒకే ఉమ్మనీటి సంచి కూడా ఉంటే బొడ్డుతాళ్ళు మెలిపడే ప్రమాదం వల్ల 32 నుంచి 34 వారాల మధ్యే సిజేరియన్ చేసేస్తారు. ఆ వారాలు దాటాక కడుపులోనే బిడ్డ పోయే ముప్పు పెరుగుతుంది, అందుకే పైన మన ఉదాహరణలోని ఆవిడకి, రెండు మాయలైతే, ఎదురుచూడాల్సిన తేదీ అక్టోబర్ 8 కాదు, సెప్టెంబర్ 17 నుంచి ఆ నెలాఖరులోపు.